బంధుప్రీతి లేని తాడు

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి, అవీ ఒక్కొక్కటిగా వచ్చాయి. కొన్ని ఇంకా దారిలోనే ఉన్నాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియనిచోట రెండేసి పెట్టాను, కొన్నిచోట్ల భయపడి వదిలేశాను. మా మనవరాలు ఒకసారి దిద్దింది, ఇంకా తప్పులు మిగిలుంటే నావే. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. కథ నిదానంగా నడిచినట్టుంటే అది నా చేతి నిదానం, ఈదమ్మది కాదు. ఆమె నాకంటే ఎప్పుడూ నాలుగడుగులు ముందే ఉంటుంది.

బొల్లిదరి పెంటలో పద్నాలుగు ఇళ్ళు. పెంట అంటే చెంచుల పల్లె. అక్కడ ఏ ఇంట్లోనైనా ముందు తలుపు తీస్తే రోడ్డు కనబడుతుంది, వెనక తలుపు తీస్తే అడవి మొదలవుతుంది. ఈదమ్మ ఆ పెంటకు కోడలై వచ్చిన ముప్పై ఏళ్ళలో ముందు తలుపు తీసింది పండగలకూ జ్వరాలకూ మాత్రమే. బతుకంతా వెనక తలుపు వైపే ఉండేది.

శివరాత్రి వెళ్ళాక తేనె మొదలు. పెద్ద తేనెటీగలు గద్దల చరియ అనే కొండ అంచుకు పెరలు, అంటే తేనెపట్లు, పెడతాయి, ఒక్కో పెర చేటంత ఉంటుంది. తొలకరి పడితే ఈగలు లేచిపోతాయి, పెరలో ఉత్త మైనం మిగులుతుంది. ఈ రెండింటి మధ్యలోనే తేనె దించాలి. ఆ తేనె మీదే ఈదమ్మ ఇంటి ఏడాది నడుస్తుంది. ఒక ఏడు తేనె సరిగా లేక ఆమె మొగుడు మంతన్న మిరపకోతలకు పోయి, దగ్గుతో తిరిగొచ్చాడు. ఆ దగ్గు పోవడానికి రెండేళ్ళు పట్టింది. మళ్ళీ మొగుణ్ణి మిరపకోతలకు పంపేది లేదని ఈదమ్మ అప్పుడే అనుకుంది.

తేనె దించడానికి ఒక పద్ధతి ఉంది. మంతన్న నార తాడు నడుముకు కట్టుకుని చరియ అంచు మీంచి కిందకు దిగుతాడు. పైన తాడు పట్టేది ఈదమ్మ తమ్ముడు గురవయ్య. చెంచుల్లో ఎక్కడైనా అంతే, దిగేది మొగుడు, తాడు పట్టేది పెళ్ళాం తోడబుట్టినవాడు. పరాయివాడైతే ఈగ కుట్టినప్పుడు చెయ్యి వదిలెయ్యొచ్చు, లేదా ఏదో ఆలోచనలో పడొచ్చు. అక్క బతుకు తన గుప్పిట్లో ఉందని తెలిసినవాడికి వేరే ఆలోచన రాదు.

ఇదంతా ఇట్లా ఉండగా, అడవిలో కొందరు పెద్దమనుషులు తప్పిపోయారు.

పదకొండు మంది అధికారులు అధ్యయన యాత్రకని వచ్చి, అతిథి గృహం వెనక నెమలి కనబడితే దాని వెంట నడిచి, దారి తెలియక ఒకటిన్నర రోజు అక్కడే తిరిగారు. మేకలు కాసుకునే ముసలామె ఒకతె వాళ్ళను మేకలతో పాటు తోలుకొచ్చింది. వాళ్ళు తిరిగిన చోటు నుంచి అతిథి గృహంలో పళ్ళేల చప్పుడు వినబడుతుందని ఆమె చెప్పింది గాని, ఆ మాట నివేదికలో రాలేదు. విచారణకు సంఘం వేశారు. సంఘం మూడు నెలలు కూర్చుని కారణం తేల్చింది. సదరు ప్రమాదమునకు మూలము పునఃపునః ప్రయోగాత్మక శిక్షణ లోపించుట.

అందువల్ల ఒక కాగితం పుట్టింది. బీటు గార్డు దాన్ని పట్టుకుని బొల్లిదరి పెంటకు వచ్చి, రాతి మీద నిలబడి చదివాడు.

"అరణ్య ప్రాంతములోనికి ప్రవేశించు యావన్మంది వ్యక్తులు అరణ్య మనుగడ నిరంతరాభ్యాస కేంద్రమునందు శిక్షణ పొంది, ధ్రువపత్రము కలిగియుండవలెను. అరణ్యములో పుట్టినవారు సైతము మినహాయింపునకు అర్హులు కారు. పుట్టుట శిక్షణగా పరిగణింపబడదు."

"సారూ, ఇప్పుడు మేం యాడుండాం?" అని మంతన్న అడిగాడు.

"అడవిలో."

"మరి సర్టిఫికెట్టు లేకుండా ఎట్టుండాం?"

గార్డు కాగితం తిరగేసి వెనక చూశాడు. వెనక ఏమీ రాసి లేదు. "ఉండొచ్చు. కదలకూడదు," అన్నాడు.

"వెనక తలుపు తియ్యొచ్చా?" అంది ఈదమ్మ.

"గాలికైతే తీసుకో తల్లీ. దాటబాకు."

"మరి నువ్వెట్టొచ్చినావు? నీకుందా సర్టిఫికెట్టు?"

గార్డు రాతి మీంచి దిగాడు. "నేను రాలేదు. మీరు నన్ను చూళ్ళేదు," అని చెప్పి వచ్చిన దారినే పోయాడు.

శిక్షణా కేంద్రం అడవిలో లేదు. ఉండడానికి వీల్లేదు, అందులో పనిచేసేవాళ్ళకు అప్పటికి ధ్రువపత్రాలు లేవు కనుక. పన్నెండు మైళ్ళ దూరాన ఊళ్ళో ఒక పాత కల్యాణ మండపం తీసుకుని అందులో పెట్టారు. నేను అక్కడ వంట చేసేదాన్ని. పెళ్ళికొడుకు గదిలో డైరెక్టరు వామనమూర్తి గారు కూర్చునేవారు. హాలు చుట్టూ అడవి బొమ్మలున్న ఫ్లెక్సీలు కట్టారు. ఎక్కడివో గాని, అన్నిట్లోనూ మంచు కురుస్తూ ఉంది.

పెంటవాళ్ళు శిక్షణకు వచ్చిన రోజు మంతన్న ఒక ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఈ ఎలుగొడ్డుకు పాపం ఒళ్ళంతా బొల్లి వచ్చినాది," అన్నాడు.

"నోరు మూసుకో బావా, మార్కులు పోతాయి," అన్నాడు గురవయ్య.

వామనమూర్తి గారు వేదిక మీద, పెళ్ళికూతురు కుర్చీ పక్కన నిలబడి ఉపన్యసించారు. "శిక్షణ యొక్క ఆత్మ పునరావృతి యందున్నది. ఒకసారి చేసినది చేయుట కాదు, అది యాదృచ్ఛికము. పదిసార్లు చేసినది అలవాటు. నలభై ఎనిమిది సార్లు చేసినదే విద్య. ఈ కేంద్రమునందు ప్రతి విద్యయు నలభై ఎనిమిది పర్యాయములు అభ్యసింపజేయబడును."

పెంట వాళ్ళు తల ఊపారు. అందులో తప్పేమీ వాళ్ళకు కనబడలేదు. వాళ్ళ పిల్లలు గడ్డలు తవ్వడం నేర్చేదీ వందసార్లు తవ్వే.

మొదటి విద్య నిప్పు రాజేయడం. నేర్పేది సారంగపాణి గారు. మండపంలో నిప్పు చెయ్యకూడదని గోడ మీద రాసుంది గనుక, అభ్యాసం వేరే విధంగా ఉండేది. శిక్షణార్థి రెండు రాళ్ళు కొట్టాలి, సారంగపాణి గారు ఎర్ర రుమాలు పైకెత్తి "నిప్పు పుట్టినట్లు భావించబడినది" అనాలి. మంతన్నకు ఈ సంగతి పూర్తిగా చెప్పేలోపే అతను మొలలోంచి చెకుముకి తీసి, బూరుగు దూది పెట్టి, ఒక్క దెబ్బ కొట్టాడు. నిప్పు పుట్టింది. గంటలు మోగాయి. పైకప్పు నుంచి నీళ్ళు పడ్డాయి. ఆ రోజు నా పప్పు కూడా తడిసింది.

రెండో విద్య దారి కనుక్కోవడం. హాలంతా కుర్చీలు అడ్డదిడ్డంగా పేర్చి, మధ్యలో మనిషిని వదిలి, బయటికి రమ్మనేవారు. మంతన్న కుర్చీలు జరుపుకుంటూ తలుపు దగ్గరికి వచ్చేవాడు. నలభై ఎనిమిది సార్లూ అట్లాగే వచ్చాడు. మూడో విద్య నీటి జాడ. ఏదో ఒక కుర్చీ కింద నీళ్ళ సీసా దాచేవారు. సీసా చెమట పట్టి నేల తడిసి ఉంటుంది గనుక పెంటవాళ్ళు వంగి చూసి తీసుకునేవారు.

ఆరు రోజులయ్యాక ఫలితాలు వచ్చాయి. బొల్లిదరి పెంట మొత్తం తప్పింది. మంతన్నకు అన్నిట్లోనూ సున్నా.

ఈదమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని పెళ్ళికొడుకు గదిలోకి వెళ్ళింది. వామనమూర్తి గారు కాగితాల్లోంచి తలెత్తారు.

"మొదటి రోజు ఎంతసేపటికి నిప్పు చేశావు?"

"ఒక్క దెబ్బకు సారూ."

"చివరి రోజు?"

"ఒక్క దెబ్బకే."

"మరి ఆరు రోజుల్లో ఏమి నేర్చుకున్నట్టు?"

మంతన్న నిజాయితీగా ఆలోచించాడు. "ఏం లేదు సారూ."

"నేను రాసింది కూడా అదే," అన్నారు వామనమూర్తి గారు. "ఈ కేంద్రం కొలిచేది ప్రగతిని. మొదటి రోజుకూ చివరి రోజుకూ మధ్య అభ్యర్థి ఎంత మెరుగుపడ్డాడో అదే అతని మార్కు. నీలో మెరుగుదల శూన్యం. సారంగపాణిని చూడు. ఈయన మొదటి రోజున మన మండపం వెనక పెరట్లో నాలుగు గంటలు తప్పిపోయాడు. నలభై ఎనిమిదో పర్యాయానికి రెండు గంటలకే దొరికాడు. యాభై శాతం. ఈ జిల్లాలో అంత ప్రగతి ఎవరికీ లేదు. అందుకే శిక్షకుడిగా వేసుకున్నాం."

పక్కనే నిలబడ్డ సారంగపాణి గారు వినయంగా తల వంచుకున్నారు.

పెంటకు తిరిగొచ్చే దారిలో గద్దల చరియ మీద ఈగల రొద రోడ్డు దాకా వినబడుతోంది. ఇంటికి చేరగానే ఈదమ్మ కుంపటి ముందు కూర్చుని మొగుడితో అంది. "ఏమయ్యో, నీకు రాకూడదు."

"ఏంది రాకూడదు?"

"ఏదీ రాకూడదు. నిప్పు రాకూడదు, దారి తెలియగూడదు, నీళ్ళు కనబడగూడదు. మొదటి రోజు అట్టా ఉండి, ఆరో రోజుకు ఇప్పుడున్నట్టు కావాల."

"పదేళ్ళప్పుడు వచ్చిన పని ఇప్పుడు రాదని ఎట్టా చెప్పేది? మా నాయన వింటే ఏమనుకుంటాడు?"

"మీ నాయన పైన్నించి చూస్తాండాడు, ఆయనకు నేను చెప్తాలే. నువ్వు నేర్చుకో."

మరునాటి నుంచి బొల్లిదరి పెంటలో రాకపోవడం నేర్పే బడి మొదలైంది. ఉపాధ్యాయురాలు ఈదమ్మ. అది ఎంత కష్టమైన విద్యో అప్పుడు తెలిసింది. మంతన్నను కళ్ళకు గంతలు కట్టి, గిరగిరా తిప్పి, వాగుకు ఎదురుదిక్కున వదిలి నడవమంటే, నాలుగడుగులు తూలి నేరుగా వాగు దగ్గరికి పోయి నిలబడేవాడు.

"కాళ్ళు మాట వినడంల్యా," అనేవాడు.

"ఇంకోసారి నడువు."

చెకుముకి ఎడమచేత్తో కొట్టించింది, దూది తడిపి కొట్టించింది. అయినా పొగ వచ్చేది. గడ్డలు తవ్వేటప్పుడు పక్కన తవ్వమంటే, ఆ పక్కన కూడా గడ్డ ఉండేది. గురవయ్యకు మాత్రం ఈ విద్య సహజంగా అబ్బింది. మొదటి రోజే గునపంతో తన చెప్పు తవ్వి పైకి తీశాడు. "చూడు బావా, ఎంత సుళువో," అన్నాడు.

"నీకు ముందునించీ ఉండాదిలే ఆ తెలివి," అన్నాడు మంతన్న.

ఈదమ్మ వదిలిపెట్టలేదు. పొద్దునా సాయంత్రం చేయించింది. ముప్పై సార్లకు మంతన్న వాగును కాస్త పక్కగా తప్పిపోయాడు. నలభై సార్లకు చెకుముకి బొటనవేలికి తగిలింది. యాభై దాటాక ఒకరోజు సొంత ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఈదమ్మా, మన ఇల్లేది?" అని నిజంగానే అడిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చింది. అప్పుడు గానీ అతను నవ్వలేదు. పని మళ్ళీ మళ్ళీ చేయిస్తే మనిషికి ఏదైనా వస్తుందని వామనమూర్తి గారు చెప్పింది నిజమేనని ఆమెకు ఆ రోజు నమ్మకం కుదిరింది.

రెండో శిక్షణలో మంతన్న చరిత్ర సృష్టించాడు. మొదటి రోజు రాళ్ళ ముందు మూడు గంటలు కూర్చుని, ఒక రాయి పోగొట్టుకుని, చివరికి అగ్గిపెట్టె అడిగాడు. కుర్చీల మధ్య ఎంతసేపు తప్పిపోయాడంటే, మధ్యాహ్నం నేనే కంచం తీసుకెళ్ళి అక్కడ పెట్టొచ్చాను. ఆరో రోజుకు ఒక్క దెబ్బకు రుమాలు ఎత్తించాడు. తొంభై తొమ్మిది శాతం ప్రగతి. సారంగపాణి గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "శిక్షణ అంటే ఏమిటో ఈ అడవి మనిషి లోకానికి చూపించాడు," అన్నారు. పెంటలో అందరూ గట్టెక్కారు.

"ఇంక సర్టిఫికెట్టు ఇయ్యండి సారూ, తేనె కారిపోతాండాది," అంది ఈదమ్మ.

"తొందరపడరాదు," అన్నారు వామనమూర్తి గారు. "ఇది మండప దశ మాత్రమే. తేనె సేకరించువారికి క్షేత్ర దశ కలదు. రాజధాని నుంచి ముఖ్య పరిశీలకులు వస్తున్నారు. వారి సమక్షంలో నీ భర్త గద్దల చరియ దిగి చూపాలి. తాడు పట్టే బాధ్యత మా సిబ్బందికి ప్రగతి క్రమంలో కేటాయించబడింది." ఆయన కాగితం చూశారు. "సారంగపాణి."

ఈదమ్మ గోడకు చెయ్యి ఆనించింది. "తాడు మా తమ్ముడు పడతాడు సారూ. మాలో అంతే."

"అదే కూడదు. దాన్ని బంధుప్రీతి అంటారు."

"ప్రీతి ఉంటేనే గదా సారూ గట్టిగా పట్టుకునేది."

"అక్కడే ఉంది లోపం. నీ భర్త పడిపోకూడదనే వ్యక్తిగత స్వార్థం నీ తమ్ముడికి ఉంది. తాడు పట్టే అధికారి నిష్పక్షపాతంగా ఉండాలి. అభ్యర్థి పైకి వచ్చినా, కిందకు పోయినా సమభావంతో ఉండాలి."

"కిందికి పోతే?"

"అది నమోదు చేయబడును. తదుపరి పర్యాయంలో మెరుగుదలకు విశేషమైన అవకాశం ఏర్పడును."

సారంగపాణి గారు తాడు పట్టడం ఈదమ్మ అంతకుముందే చూసింది. మండపం మేడ మీంచి ఇసుక మూటను నలభై ఎనిమిది సార్లు దించారు. మొదటిరోజు అన్నిసార్లూ వదిలేశారు, చివరిరోజు సగం సార్లు మాత్రమే వదిలేశారు. అందులోనూ ఆయనకు యాభై శాతమే.

"సారూ, ఎవురు బంధువో మీకెట్టా తెలుస్తాది? మాకు కాగితాల్లేవు గదా."

"మంచి ప్రశ్న," అన్నారు వామనమూర్తి గారు, ఆయనకు ప్రశ్నలంటే ఇష్టం. "రికార్డులు లేని కుటుంబాల విషయంలో, అభ్యర్థి భార్య ఎవరిని ఏ వరసతో చెబుతుందో అదే రికార్డు. పరీక్ష రోజున అక్కడికక్కడ, ఒక్కొక్కరినీ చూపించి అడిగి, మా గుమాస్తా కేశవులు రాసుకుంటాడు. పాత పుస్తకం చెల్లదు. మా కేంద్రంలో ప్రతిదీ కొత్తగా మళ్ళీ చేయబడుతుంది."

"నేను ఏది చెప్తే అదే రాస్తారా?"

"అక్షరం మార్చం."

"దండాలు సారూ," అని ఈదమ్మ వచ్చేసింది.

మంతన్నకు ఆ సంగతి చెబితే అతను తాడు పేనుతూ తల ఎత్తకుండా అన్నాడు. "ఆ మూటలు వదిలేసిన సారా తాడు పట్టేది? నేను దిగనుపో. మిరపకోతలకే పోతా."

"దిగుతావు. తాడు గురవడే పడతాడు. నువ్వు పొగ సంగతి చూసుకో, మిగతాది నాకిడువు."

పరీక్ష రోజున పొద్దున్నే అందరూ గద్దల చరియ ఎక్కారు. ముఖ్య పరిశీలకులు పెద్ద టోపీ పెట్టుకొచ్చారు. వామనమూర్తి గారు, సారంగపాణి గారు, కేశవులు, వాళ్ళ వెనక తాడూ పొగగడ్డీ మోసుకుంటూ గురవయ్య. తప్పిపోకుండా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నడిచారు. అంచు దగ్గరికి వచ్చాక సారంగపాణి గారు కిందికి ఒకసారి చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, అక్కడే కూర్చుండిపోయారు. కింద చెట్ల తలలు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. పెరల మీద ఈగలు నల్లగా, మెరుస్తూ అలలు పోతున్నాయి.

మంతన్న తాడు నడుముకు బిగించుకుని, పొగగడ్డికి నిప్పు పెట్టి సిద్ధంగా నిలబడ్డాడు.

కేశవులు పుస్తకం తెరిచాడు. "జాబితాలో ఒకటి, శ్రీ సారంగపాణి. అమ్మా, వీరు మీకేమవుతారు?"

"అన్న," అంది ఈదమ్మ.

కేశవులు కలం ఆగింది. "ఎప్పటినుంచి?"

"ఎప్పుడో తప్పిపోయినాడంట, ఇప్పుడు దొరికినాడు."

ఇందులో సారంగపాణి గారు కాదనడానికి ఏమీ లేదు. ఆయన తాడు వైపు చూశారు, లోయ వైపు చూశారు, ఈదమ్మ వైపు చూశారు. చివరికి, "అవును చెల్లెమ్మా," అన్నారు.

"బంధువు. అనర్హుడు," అని కేశవులు రాశాడు. "రెండు, డైరెక్టరు గారు."

వామనమూర్తి గారు ఉలిక్కిపడ్డారు. "నేను పాలనా విభాగం."

"సంస్థాధిపతి ఆదర్శప్రాయులుగా ఉండాలి," అన్నారు ముఖ్య పరిశీలకులు టోపీ సర్దుకుంటూ. "పట్టుకోండి. ఫొటో తీసి పంపాలి."

వామనమూర్తి గారు ఈదమ్మ దగ్గరగా వచ్చి గొంతు తగ్గించారు. "ఈదమ్మ గారూ, నా విషయంలో కూడా కొంచెం..."

"నిన్ను అన్ననాలా, తమ్ముడనాలా సారూ?"

"ఏదైనా పరవాలేదమ్మా. త్వరగా అనండి."

"చిన్నన్న," అంది ఈదమ్మ గట్టిగా. "ఒక తల్లి పాలు తాగి పెరిగినాం."

"అనర్హుడు. మూడు..." కేశవులు తన పేరు తానే చదివి నాలుక కరుచుకున్నాడు. ఈదమ్మ నోరు తెరిచేలోపే, "నేను మీ పిన్నమ్మ కొడుకుని రాసుకుంటున్నా అక్కా," అని రాసేసుకున్నాడు.

"రాసుకో తమ్ముడా."

ముఖ్య పరిశీలకులకు చిరాకేసింది. "ఏమిటీ పిరికితనం. ఇటివ్వండి, నేను పట్టుకుంటాను," అని ముందుకొచ్చి తాడు అందుకున్నారు. అప్పుడే మంతన్న అంచు దగ్గర కాలు సర్దుకున్నాడు. తాడు ఒక్క జానెడు జరిగింది. అంతకే ఆయన అరచెయ్యి ఎర్రబడింది. అదే సమయానికి ఒక ఈగ వచ్చి ఆయన చెవి మీద వాలి, తన పని తాను చేసుకుపోయింది. ఆయన తాడును చాలా మర్యాదగా కింద పెట్టారు. "అమ్మా," అన్నారు, "మన రెండు కుటుంబాల మధ్య ఏమైనా..."

"పెద్దన్నా," అంది ఈదమ్మ. "నిన్ను మర్చిపోతానా."

ఇక మిగిలింది గురవయ్య. కేశవులు కలంతో అతన్ని చూపించాడు. "ఇతను?"

ఈదమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడికి మూడేళ్ళప్పుడు తల్లి పోతే చంకన వేసుకుని తిప్పింది తనే. వాడి నుదుటి మీద మచ్చ తన చేతిలోంచి జారి పడ్డప్పటిది. తమ్ముడు అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగింది.

"ఎవురో," అంది. "నాకు తెలీదు. దారిన పోతా తాడు పట్టుకుంటానని వచ్చినాడు."

"అవునమ్మా," అన్నాడు గురవయ్య, తాడు నడుం చుట్టూ తిప్పుకుని, రెండు కాళ్ళూ బండకు తన్నిపెట్టి. "నేనెవురో."

"ఏ సంబంధమూ లేదు. అర్హుడు," అని కేశవులు గీత గీశాడు.

"తొందరగా తేల్చండి, పొగ అయిపోతాండాది," అని మంతన్న అరిచి, అంచు దాటాడు.

అతని తల కనబడకుండా పోయాక ఈదమ్మ తాడునే చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ అంతే, అతను కనబడడు, తాడు కనబడుతుంది. పొగ పైకి వచ్చింది. రొద పెరిగింది. ఈగలు నల్లటి గుడ్డలా చరియ మీంచి లేచాయి. అన్నలందరూ వెంట తెచ్చుకున్న కంబళ్ళ కింద దూరారు. ఒక గుంపు గురవయ్య మెడ మీద వాలింది. ఒకటి, రెండు, నాలుగు. అతని మెడ నరాలు ఉబ్బాయి గాని చేతులు కదల్లేదు. తాడు అతని గుప్పిట్లోంచి మూర తర్వాత మూర, నూనె పోసినట్టు జారింది.

మధ్యలో ఒకసారి తాడు గట్టిగా ఊగింది. కింద రాయి ఊడిన చప్పుడు అయింది. ఆ రాయి నేలకు చేరిన చప్పుడు చాలాసేపటికి వచ్చింది. ఈదమ్మ లేచి నిలబడింది. గురవయ్య వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, "ఉండాడు, ఉండాడు," అన్నాడు. "బరువు తెలుస్తాండాది. కూచో."

అక్కా అనలేదు. పక్కన కంబళి కింద కేశవులు పుస్తకం తెరిచే ఉంది.

తేనె బుట్ట ముందు వచ్చింది. తర్వాత మంతన్న చెయ్యి, తర్వాత తల, ఉబ్బిన ఒక కన్ను. అతను బండ మీద పడుకుని ఆకాశం చూస్తూ, "మంచి పెర," అన్నాడు. ఈదమ్మ అతని నడుముకున్న ముడి విప్పింది. ఆ ముడి మీద ఆమె వేళ్ళు కాసేపు అట్లాగే ఉండిపోయాయి.

కొండ దిగాక వామనమూర్తి గారు ఫలితం ప్రకటించారు. చెవి వాచి ముఖ్య పరిశీలకులు ఒక వైపే వింటున్నారు.

"అభ్యర్థి మొదటి ప్రయత్నంలోనే కృతకృత్యుడైనాడు. అందుచేత ప్రగతి నమోదు చేయుటకు వీలులేదు. తాడు పట్టిన అపరిచిత వ్యక్తి విషయమూ అంతే. ఇరువురూ అనుత్తీర్ణులు."

"అంటే తప్పినామా?" అన్నాడు మంతన్న.

"తప్పారు. విచారించరాదు. ఈ విద్యను కూడా నలభై ఎనిమిది పర్యాయములు అభ్యసించాలి. ధ్రువపత్రం లేకుండా అభ్యాసం కోసం తప్ప అడవిలో అడుగు పెట్టరాదు."

ఈదమ్మ బుట్ట కింద పెట్టింది. "అబ్భేసం యాడ చెయ్యాల సారూ? మండపంలోనా?"

వామనమూర్తి గారు మండపాన్ని మనసులో చూసుకున్నారు. అందులో చరియ లేదు, ఈగలు లేవు. ముఖ్య పరిశీలకుల వైపు చూశారు. ఆయన చెవి పట్టుకుని, "ఇక్కడే," అన్నారు. "ఈ కొండల మీదనే. ప్రయోగాత్మకంగా."

"మరి మీరు చూడొద్దా?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేము రాకూడదు," అన్నారు వామనమూర్తి గారు ఎంతో విచారంగా. "దగ్గరి బంధువులము అయినాము కదా. నిబంధనలు ఒప్పవు. ప్రతి పర్యాయం వివరాలు కేశవులుకు చెబితే చాలు. మెరుగుదల కనబడిన నాడు ఆపించి, ధ్రువపత్రం జారీ చేస్తాము. దానిపై మరల మండప దశ ప్రారంభమగును."

"మెరుగు కనబడితే ఆపేస్తారా?"

"తక్షణమే."

మరుసటి రోజు పొద్దున్నే ఈదమ్మ వెనక తలుపు తీసి, దాటింది. గద్దల చరియ అయ్యాక పక్క చరియ, అది అయ్యాక వాగు అవతలిది. మంతన్న దిగాడు, గురవయ్య పట్టాడు. రోజూ పొద్దువాలే వేళకు కేశవులు రోడ్డు మీద సైకిలు ఆపి, ముందు తలుపు దగ్గర నిలబడి పుస్తకం తెరిచేవాడు.

"ఈరోజు ఎట్టా చేసినాడక్కా?"

"నిన్న ఎట్టా చేసినాడో అట్టనే."

"ఏమన్నా బాగుపడినాడా?"

"ఏం లేదు."

"ఆ తాడు పట్టేటోడు?"

"ఆయప్ప ఎవురో గాని, ఆయప్పా అంతే."

కేశవులు సున్నా చుట్టి, కలం చెవిన పెట్టుకుని, సానుభూతిగా నిట్టూర్చేవాడు. తొలకరి పడేనాటికి అది ముప్పై ఒకటో సున్నా. వాకిట్లో కుండలన్నీ నిండి, మూతలకు గుడ్డలు కట్టి ఉన్నాయి. ఈదమ్మ మోదుగాకు దొప్పలో ఇంత తేనె పోసి అతని చేతిలో పెట్టింది.

"ఈసారి కూడా ఫెయిలే అక్కా," అన్నాడు కేశవులు, దొప్ప నాకుతూ.

"అట్టనే రాసుకో తమ్ముడా," అంది ఈదమ్మ.

పల్లెపోగు మార్తమ్మ,
వయసు అరవై ఆరు,
ఇప్పుడు ఉంటున్నది గిద్దలూరులో, చిన్న కూతురి ఇంట్లో.